బ్రయంట్ పార్క్, న్యూయార్క్: పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని మాన్‌హటన్ తిప్పాలనుకుంటే 42వ వీధిలోని ఈ పార్కుని గుర్తుపెట్టుకోండి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ పెద్ద భవనానికి సరిగ్గా వెనకే. టికెట్ లేదు.

నాకు అన్నిటికంటే నచ్చినవి ఆ ఆకుపచ్చ మడత కుర్చీలు. నేలకి బిగించరు, గొలుసులు వేయరు. మా అమ్మ ఒకదాన్ని ఒంటిచేత్తో ఎండలోంచి చెట్టు నీడలోకి జరుపుకుంది, ఇంకోటి తెచ్చుకుని కాళ్లు చాపుకుంది. "ఎవరూ ఏమీ అనరా?" అని అడుగుతూనే ఉంది. అనరు. ఎవరి వీలుని బట్టి వాళ్లు జరుపుకోవడానికే అవి. మన ఊళ్లలో సిమెంటు బెంచీ ఎండలో పడిందంటే సాయంత్రం దాకా ఖాళీయే కదా!

1970ల్లో ఇది మత్తుమందులు అమ్మే చోటు, జనం లోపలికి రావడానికే జంకేవారు. మనుషులు ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ ఆగి మాట్లాడుకుంటారో ఏళ్ల తరబడి గమనించిన విలియం వైట్, పొదలూ ఇనప కంచెలే పార్కుని వీధికి కనబడకుండా చేస్తున్నాయనీ, వాటిని తీసేసి దారులు పెంచమనీ చెప్పాడు. 1988లో మూసి, ఆ పద్ధతిలో మార్చి, 1992లో తిరిగి తెరిచారు. పార్కు మధ్యలో ఉన్న పచ్చిక కిందే, నేలమాళిగలో, లైబ్రరీ పుస్తకాలు భద్రంగా ఉన్నాయి.

బాత్రూములు ఉచితం, శుభ్రం. లోపల తాజా పూలు కూడా పెడతారు! షుగర్ ఉన్నవాళ్లతో ఊరు తిరిగినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

చలికాలంలో పచ్చిక మీద ఐస్ స్కేటింగ్ రింక్, చుట్టూ దుకాణాలు. తీరిగ్గా కూర్చోవాలంటే వేసవిలో, ఆఫీసుల లంచ్ టైమ్‌కి ముందే వెళ్లండి.