బల్క్ లోడ్ ప్లగిన్ కొనేముందు ఆగండి: "సక్సెస్" అని చూపించి మా మేత బిల్లులు వదిలేసింది

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు మేత డీలర్ల దగ్గర, హేచరీల్లో, రైస్ మిల్లుల్లో లెక్కలు చూసేవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. ఎక్సెల్ షీట్లన్నిటినీ ఒక్క బటన్‌తో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి (లెక్కలన్నీ టేబుళ్లుగా దాచే సాఫ్ట్‌వేర్) ఒకేసారి ఎక్కిస్తుందని, అంటే బల్క్ లోడ్ చేస్తుందని చెప్పి ఒక ప్లగిన్ (అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) అమ్ముతున్నారు. మా ఆఫీసులో కొన్నాం. ఏడాది లైసెన్సు పద్దెనిమిది వేలు, పైన 18 శాతం జీఎస్టీ, సెటప్‌కి వేరే డబ్బు. కంపెనీ పేరు రాయడం లేదు. అది చేసిన పని ఏమిటో తెలిస్తే, రేపు ఇంకెవరు ఇంకో పేరుతో తెచ్చినా మీరు పట్టుకోగలరు.

మాది రొయ్యల మేత వ్యాపారం. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతులకు మేత అరువుకి ఇస్తాం, రొయ్యల పట్టుబడి అయ్యాక డబ్బు వస్తుంది. బిల్లు తేదీ, బిల్లు నంబరు, రైతు పేరు, ఈ మూడింటిలో ఏది తప్పినా ఒక మనిషితో మాట పడాల్సిందే. అలాంటి పాత బిల్లులన్నీ ఈ ప్లగిన్‌తో ఎక్కించారు. పచ్చరంగులో "సక్సెస్" అని వచ్చింది. వాళ్ల మనిషి సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

తప్పు పట్టుకున్నది మా రైతు. ఏప్రిల్ 5న తీసుకున్న మేత ఆయన ఖాతాలో మే 4న పడి ఉంది. అలా ఉంటే ఆయనకే లాభం, నెల వడ్డీ తగ్గుతుంది. అయినా ఆయనే అన్నాడు: "అబ్బాయ్, మే వచ్చేసరికి నా గుంట ఎండగట్టేశాను. మేలో మేత ఎట్లా తీసుకుంటాను? ఒకసారి సరిగా చూడు." ఆయన మంచితనం వల్ల తెలిసింది కానీ, లేకపోతే ఆ లెక్కలతోనే సీజన్ మూసేసేవాళ్లం.

అక్కణ్ణుంచి తవ్వాం. సెటప్‌లో తేదీ పద్ధతి అమెరికా వాళ్లది పెట్టారు, ముందు నెల, తర్వాత రోజు. మనం రాసే 05/04 దానికి మే 4. పన్నెండు దాటిన తేదీలకు అసలు అర్థమే కాదు కాబట్టి అవి ఖాళీగా పడ్డాయి. ఖాళీలు కంటికి కనబడతాయి, సరిచేసుకోవచ్చు. తారుమారైన తేదీలు చూడ్డానికి చక్కగా ఉంటాయి, ప్రమాదం వాటితోనే.

తేదీల కంటే పెద్ద నష్టం బిల్లులు మాయమవడం. మాకు రెండు కౌంటర్లు. రెండింటిలోనూ బిల్లు పుస్తకం ఒకటో నంబరుతో మొదలవుతుంది. ప్లగిన్ వాళ్లు బిల్లు నంబరు ఒక్కదాన్నే కీగా, అంటే ఒక్కో బిల్లుకి రెండోసారి రాకూడని గుర్తుగా, పెట్టారు. మొదటి కౌంటర్ బిల్లులు ఎక్కాయి. రెండో కౌంటర్‌వి అదే నంబర్లతో వచ్చేసరికి డూప్లికేట్ అని డేటాబేస్ వాటిని పక్కనపెట్టింది. ఎర్రర్ రాలేదు, పని ఆగలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో వివరంగా రాస్తాను, ఇది ముఖ్యం. ఈ ప్లగిన్ లోపల నడిచేది మైఎస్‌క్యూఎల్‌లోనే ఉన్న లోడ్ డేటా అనే కమాండే. దాంట్లో లోకల్ అనే మాట చేరిస్తే, ఫైల్ మన కంప్యూటర్ నుంచి సర్వర్‌కి వెళ్తుంది. అప్పుడు డూప్లికేట్ లైన్లు ఆపకుండా దాటవేస్తుంది, తప్పు డేటాని ఎర్రర్‌గా కాకుండా వార్నింగ్‌గా మార్చుకుని ముందుకు పోతుంది. అయినా చివర్లో ఎన్ని రికార్డులు చదివింది, ఎన్ని వదిలేసింది, ఎన్ని వార్నింగులు వచ్చాయి అని ఒక లైను ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ నిజం చెప్పింది, ప్లగిన్ ఆ లైను చూపించకుండా సక్సెస్ అంది. డబ్బు తీసుకుని అమ్మే సరుకు ఇలా చేయడం నాకు మోసంగానే కనబడుతోంది.

రైతుల పేర్లు తెలుగులో రాసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. టేబుల్ లాటిన్1లో (తెలుగు అక్షరాలు పట్టని పాత అక్షర పద్ధతి) ఉంటే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు పడతాయి, ఒకసారి అలా పడ్డాక డేటాబేస్ నుంచి ఆ పేరు వెనక్కి రాదు. తెలుగు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర పద్ధతి ఉందో లేదో ముందే అడగండి. మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్, కానీ పాత సర్వర్ల మీద చేసిన టేబుళ్లు పాతవిగానే ఉంటాయి. బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్సెల్‌లోనే పాడవుతాయి: ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలవుతాయి. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టమని కూడా వాళ్లు చెప్పలేదు.

వాళ్లు గొప్పగా చెప్పే స్పీడ్ గురించి కూడా వినండి. ఇన్సర్ట్ కమాండ్‌తో ఒక్కో లైను ఎక్కించడంతో పోలిస్తే లోడ్ డేటా మామూలుగా 20 రెట్లు వేగమని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్‌లోనే ఉంది. ఆ వేగం ఉచితం. దానికి తోడు ఈ ప్లగిన్ ఫారిన్ కీ చెకింగ్ (బిల్లు మీదున్న రైతు కోడ్ రైతుల జాబితాలో ఉందా అని చూసే తనిఖీ) ఆపేసి లోడ్ చేస్తోంది. తర్వాత చెకింగ్ మళ్లీ ఆన్ చేసినా, అప్పటికే లోపల పడినవాటిని మైఎస్‌క్యూఎల్ వెనక్కి వెళ్లి చూడదు. అందుకే మా టేబుల్‌లో రైతుల జాబితాలో లేని కోడ్‌ల మీద బిల్లులు ఉన్నాయి. ఇంకో సంగతి, సెటప్ పేరుతో రూట్ (డేటాబేస్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ అడిగి, దాన్ని ప్లగిన్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫైల్‌లో మామూలు అక్షరాల్లో వదిలేసి వెళ్లారు. ఆ ఫోల్డర్ తెరిచినవాళ్లెవరైనా చదవొచ్చు. ఈ పనికి ఒక్క డేటాబేస్ మీద మాత్రమే హక్కులున్న వేరే యూజర్ సరిపోతుంది. రూట్ ఎవరికీ ఇవ్వకండి.

ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "మీ డేటానే సరిగా లేదు సార్." డెమోలో చూపించింది వాళ్ల సొంత ఫైల్, అందులో అన్నీ సరిగానే ఉంటాయి. లైసెన్సు కీ యాక్టివేట్ అయ్యాక రిఫండ్ లేదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది కదా అనుకోవచ్చు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారు, సొంత ఉపాధితో బతుకుదెరువు కోసం కొనుక్కున్నవాళ్లకే మినహాయింపు. ఉద్యోగులున్న డీలర్‌షిప్‌కి ఆ దారి కష్టం. కాబట్టి మన రక్షణ డబ్బు కట్టకముందే ఉంది.

కొనాలనే ఉంటే మీ సొంత ఫైల్ ఇచ్చి, మీ కళ్ల ముందు లోడ్ చేయించండి. అందులో కావాలనే ఒక డూప్లికేట్ బిల్లు, 25వ తేదీ బిల్లు ఒకటి, తెలుగు పేరు ఒకటి, జాబితాలో లేని రైతు కోడ్ ఒకటి పెట్టండి. వదిలేసిన లైన్లు ఏవో కారణంతో సహా వేరే ఫైల్‌లో ఇవ్వాలని, ఇవ్వకపోతే డబ్బు వాపసని కాగితం మీద రాయించుకోండి. మైఎస్‌క్యూఎల్ బదులు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడేవాళ్లకు కొంత నయం, అక్కడ ఫైల్ ఎక్కించే కాపీ కమాండ్ మామూలుగా ఒక్క లైను తప్పినా మొత్తం ఆపేస్తుంది. 17వ వెర్షన్‌లో తప్పు లైన్లు దాటవేసే ఆప్షన్ వచ్చింది, ప్లగిన్ దాన్ని ఆన్ చేసిందేమో చూడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్‌లో ఫైల్ ఎక్కించే బల్క్ ఇన్సర్ట్ కమాండ్, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప ఫారిన్ కీలు చూడదు, ట్రిగ్గర్లు (లైను చేరగానే వాటంతటవే నడిచే పనులు) నడపదు.

ఇప్పటికే కొని లోడ్ చేసినవాళ్లు టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం చేయకండి. అసలు ఎక్సెల్ ఫైళ్లు చెరపకండి, వాటిమీద మళ్లీ సేవ్ కూడా చేయకండి. ఫైల్‌లో లైన్లు, టేబుల్‌లో లైన్లు లెక్కపెట్టండి. రెండుచోట్లా మొత్తం రూపాయలు కూడండి, నెలవారీగా కూడా కూడండి, ఎందుకంటే తేదీలు తారుమారైతే మొత్తం కలుస్తుంది కానీ నెలలు కలవవు. కౌంటర్ వారీగా బిల్లుల సంఖ్య చూడండి. రూట్ పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి. తేడా కనబడితే టేబుల్‌లో చేత్తో దిద్దకుండా, ముందు మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే బ్యాకప్ టూల్‌తో బ్యాకప్ తీసి, ఖాళీ టేబుల్‌లోకి అసలు ఫైళ్ల నుంచి మళ్లీ ఎక్కించండి. మేం కౌంటర్ పేరు, బిల్లు నంబరు కలిపి కీగా పెట్టి, తేదీ పద్ధతి కమాండ్‌లోనే రాసి, ప్లగిన్ లేకుండా లోడ్ చేశాం. నెలల మొత్తాలు కలిశాయి. ఆ కమాండ్ కావాలంటే కామెంట్‌లో అడగండి, మీ కాలమ్ పేర్లు చెప్తే వాటికి తగ్గట్టు మార్చి ఇస్తాను.