పైసలు చెరపబోతే రూపాయలు పోయాయి: బిల్లు యాప్‌కి రెండు స్టార్లు

పొదలకూరులో మాది నిమ్మకాయల కొట్టు. ఆర్నెల్లుగా రైతుల పట్టీలన్నీ, అంటే కాయలకి ఎంతిస్తున్నామో రాసే బిల్లులన్నీ, ఈ యాప్‌లోనే కొడుతున్నాం. మొదట్లో నాలుగు స్టార్లు ఇచ్చా, పోయిన నెల అప్‌డేట్ వచ్చాక రెండుకి దించేశా.

డబ్బులు కొట్టే గడి మార్చారు. ఇదివరకు 45 కొడితే 45 రూపాయలే. ఇప్పుడు 4 నొక్కగానే ₹0.04 అని పడుతుంది, 5 నొక్కితే ₹0.45, ఇంకో రెండు సున్నాలు కొడితేగానీ 45 రూపాయలు కావు. చుక్క నొక్కినా పట్టించుకోదు. సరే, కార్డు గీకే మిషన్లలో కూడా కొన్ని ఇలాగే ఉంటాయి, అలవాటైపోతుందిలే అనుకున్నా.

అసలు తంటా దిద్దేటప్పుడు వచ్చింది. ఒక రైతు కాయలు 86.5 కిలోలు తూగాయి, కిలో 46.50 లెక్కన యాప్ తనే 4,022.25 వేసింది. పావలా బిళ్ళ 2011 జూన్‌తోనే చెల్లకుండా పోయింది, ఇంకా ఆ పావలా ఎక్కణ్ణించి తెచ్చివ్వను, చివర 25 తీసేద్దామని రెండుసార్లు చెరిపా. మొదటి నొక్కుకి 402.22, రెండో నొక్కుకి 40.22! నేను ఫోన్ చూడకుండా కాటా దగ్గర హమాలీలతో మాట్లాడుతూ సేవ్ నొక్కేశా, మెసేజ్ వెళ్ళిపోయింది. అయిదు నిమిషాల్లో ఆయన ఫోను. "ఏందబ్బయ్యా, అన్ని కాయలకి నలభై రూపాయలా?" నవ్వుతూనే అడిగాడు గానీ నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

హైదరాబాదులో యాప్‌లు రాసే మా బావమరిదికి చూపిస్తే వెంటనే పట్టేశాడు. ఏ అంకె నొక్కినా, చెరిపినా, గడిలో ఉన్న కామా, చుక్క, రూపాయి గుర్తు అన్నీ పీకేసి మిగిలిన అంకెల్ని వందతో భాగించి మళ్ళీ రాస్తోందంట. అంటే 4,022.25లో చివరి 5 పోతే దానికి కనిపించేది 40222, వందతో భాగిస్తే 402.22. కొడుతున్నంతసేపూ మనిషి కొట్టింది కొట్టినట్టే ఉంచి, గడి వదిలి పక్కకు పోయాక కామాలు పెడితే ఏ గొడవా ఉండదు అన్నాడు. ఇది చాలదన్నట్టు మధ్యలో అంకె మారుద్దామని వేలు పెడితే, ఒక్కటి నొక్కగానే ఆ మినుకుమినుకుమనే గీత చివరికి ఎగిరిపోతుంది, రెండో అంకె పోయి పైసల్లో పడుతుంది.

మంచి కూడా చెప్పాలిగా. కామాలు మన లెక్కలోనే వేస్తుంది, 12,45,300 అని. ముందు వాడిన యాప్ 1,245,300 అని చూపించేది, మా నాన్న ప్రతిసారీ కుడివైపు నుంచి వేలితో ఒకట్లు, పదులు, వందలు అని లెక్కపెట్టుకునేవాడు. మొత్తాల్లో కూడా ఇన్నాళ్ళలో పైసా తేడా రాలేదు. లోపల పైసల్లోనే, చుక్క లేని అంకెలుగా దాస్తున్నట్టుంది. అలా దాయకపోతే ఏమవుతుందో బావమరిది తన ల్యాప్‌టాప్‌లో చూపించాడు, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంది! నా కాలిక్యులేటరే నయం.

సపోర్టుకి రాస్తే యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. వేసుకున్నా, అదే వరస. వాళ్ళు దీన్ని సరిచేసేదాకా వాడేవాళ్ళు గడిలో ఏదైనా దిద్దాల్సి వస్తే సగం చెరపకండి, మొత్తం తుడిచేసి మొదటినుంచి కొట్టండి, చివర రెండు సున్నాలతో సహా.