గేటు తాళం తీసేలోపు చాపరాయి వెలుగు పోయింది: అరకు దారిలో జలపాతాల ఫొటోలు

అరకులో మేం దిగిన లాడ్జి గది రోజుకి 2,200. వేడినీళ్లు వచ్చాయి, దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరతామని బుక్ చేసేటప్పుడూ చెప్పాం, రాత్రి భోజనాల దగ్గరా చెప్పాం. "అలాగే సార్, మనిషుంటాడు" అన్నారు. ఐదింటికి గేటుకి తాళం, కౌంటర్లో ఎవరూ లేరు, ఫోను మోగి మోగి ఆగిపోయింది. తాళం తీసేసరికి ఏడు దాటింది. డబ్బు సంగతి వదిలేయొచ్చు గానీ ఆ రెండు గంటలు మళ్లీ రావు. జలపాతం ఫొటోకి అవే ప్రాణం.

నవంబరులో ఇక్కడ ఆరు దాటగానే పొద్దు పొడుస్తుంది. ఎండ కొండ దాటి నీటి మీద పడేదాకా వెలుగు అన్ని వైపులనుంచీ సమానంగా, మెత్తగా వస్తుంది. తెల్లటి నురగ, నల్లటి తడిబండ రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో, అంటే కెమెరాలోకి తీసుకునే ఒకే వెలుగు మోతాదులో, ఇముడుతాయి. ఎండ పడిందా, నురగ పూర్తిగా తెల్లబోతుంది, బండ సందులు నల్లటి గుంతలైపోతాయి. తర్వాత కంప్యూటర్లో ఎంత లాగినా నురగలో పోయిన గీతలు తిరిగి రావు.

చాపరాయి అరకుకి 15 కిలోమీటర్లు, డుంబ్రిగూడ దగ్గర. ఇది పైనుంచి దూకే జలపాతం కాదు, వెడల్పాటి బండ మీద గెడ్డ (కొండవాగు) పరుచుకుని జారే చోటు. ప్యాకేజీ బస్సులన్నీ పది నుంచి రెండు మధ్య ఇక్కడికే వస్తాయి. మేం చేరేసరికే పిల్లలు నీళ్లలో దిగిపోయారు, బండంతా ఎండ. కంటి ఎత్తులో నిలబడి తీస్తే చాపరాయి ఎప్పుడూ చప్పగానే వస్తుంది. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా పరిచి, నీటికి మూరెడు ఎత్తులో కెమెరా పెట్టి, దగ్గరగా ఒక చీలిన పాయని పట్టుకుంటే ఆ పాయే చూపుని కింది మూల నుంచి పైకి తీసుకెళ్తుంది. ఆకాశం వద్దు. మబ్బు రోజున ఫ్రేము పైన పలచటి తెల్లటి పట్టీ మిగిలినా కన్ను నీటిని వదిలి అక్కడికే పోతుంది. నాచు మీద కాలు పెట్టేముందు కర్రతో తాకి చూడండి. ఆరినట్టు కనబడే బండ కూడా జారొచ్చు.

ఎండలోనైనా ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించడానికి లెన్సు ముందు పెట్టే నల్లద్దం) ఉంటే చాలంటారు చాలామంది. లెక్క చూద్దాం. ఎండలో ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే చురుకు) 100, ఎఫ్ (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) 11 దగ్గర షట్టర్ తెరుచుకునేది దాదాపు 1/250 సెకను. ఆరు స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది) ఎన్‌డీ పెడితే 1/4 వస్తుంది, నీళ్లు పట్టులా వస్తాయి. కానీ ఫిల్టర్ నురగనీ బండనీ ఒకే మోతాదులో చీకటి చేస్తుంది, వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది. ఫిల్టర్‌తో సమయం దొరుకుతుంది, మంచి వెలుగు దొరకదు. ఎఫ్ 22కి మూసి సమయం సంపాదిద్దామన్నా డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం వల్ల, ఫొటో అంతా మెత్తబడుతుంది. ఎఫ్ 8, 11 దాటకండి.

మధ్యాహ్నం కటికి జలపాతం. బొర్రా గుహల దగ్గర జీపు మాట్లాడుకోవాలి, రానూపోనూ 1,500 తీసుకున్నారు. రాళ్ల దారి, ఆ తర్వాత నడక. ఆ రేటుకి గొణగను, ఆ దారిలో బండి అరిగిపోవడం కళ్లారా చూశాం. మేం వెళ్లిన వేళకి సగం నీటి మీద ఎండ, సగం నీడ. అలాంటప్పుడు మొత్తం జలపాతం కోసం పట్టుబట్టొద్దు. 70-200 లెన్సుతో (దూరాన్ని దగ్గరగా చూపే జూమ్) నీడలో ఉన్న భాగాన్నే, రెండు బండల మధ్య ఒక్క పాయనే తీయాలి. నురగ కాలిపోకుండా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగుని మనం సర్దే అమరిక) మైనస్ ఒకటి దాకా తగ్గించాలి. చుట్టూ నల్లబండ ఎక్కువున్నప్పుడు కెమెరా దాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది, నురగ బలైపోతుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా చూపే గ్రాఫు) కుడి గోడకి గుద్దుకోకుండా చూసుకుంటే చాలు. తుంపర ఎదురొస్తుంటే లెన్సు మీద గుడ్డ కప్పి, నొక్కే ముందు మాత్రమే తీయండి. మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం మూడు కావాలి, మొదటిది పావుగంటలో తడిసిపోతుంది. మా వాళ్లు ఆకలి అంటుంటే బొంగు చికెన్ తిని బయటపడ్డాం, బాగుంది.

ఆశ వదులుకుని వస్తుంటే అనంతగిరి దగ్గర మబ్బు కమ్మింది. నాలుగుకి తాటిగుడ జలపాతం. ఈ యాత్రంతటికీ ఫలితం ఇక్కడే దొరికింది. మబ్బు వెలుగులో ఐఎస్ఓ 100, ఎఫ్ 11 దగ్గర 1/8. పోలరైజర్ (తడి మెరుపుని తగ్గించే ఫిల్టర్) పెట్టి తిప్పుతుంటే తడి ఆకుల మీది తెల్లటి మెరుపు పోయి అసలు పచ్చదనం బయటికొచ్చింది, బండల గోధుమరంగు తేలింది. అది రెండు స్టాప్‌ల దాకా వెలుగు తింటుంది గనక షట్టర్ దానంతటదే అర సెకను దగ్గరకొచ్చింది, ఎన్‌డీతో పనే పడలేదు. పోలరైజర్‌ని చివరిదాకా తిప్పేయకండి, బండ మీద కాస్త తడి మెరుపు మిగలాలి. లేకపోతే బండ ఎండినట్టు కనిపిస్తుంది.

షట్టర్ సంగతిలో నా అభిప్రాయం గట్టిదే. నీళ్లు బలంగా దూకే చోట సెకను పెడితే అది నీళ్లలా ఉండదు, సున్నం పూసినట్టుంటుంది. అక్కడ 1/8 నుంచి 1/4 పెడితే దారాలు విడివిడిగా కనబడతాయి. సన్నటి పాయలకి అర సెకను నుంచి ఒక సెకను. కింద మడుగులో నురగ సుడి తిరుగుతుంటే ఐదు నుంచి పది సెకన్లు, చక్కటి వలయం గీస్తుంది. అంతసేపట్లో ఆకులు గాలికి ఊగి చెరిగిపోతాయి. కెమెరా కదపకుండా, గాలి ఆగినప్పుడు ఐఎస్ఓ 800తో వేగంగా ఇంకొకటి తీసి, తర్వాత కంప్యూటర్లో ఆకుల్ని దాన్నుంచి తెచ్చుకోవాలి.

ట్రైపాడ్ కాలు పారే నీళ్లలో ఉంటే వణుకుతుంది. మధ్య కాడ పైకెత్తొద్దు, సంచి వేలాడదీస్తే నేలకి ఆనాలి, రెండు సెకన్ల టైమర్ పెట్టాలి, లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకు సర్దే ఏర్పాటు) ఆపేయాలి. నీడలో నీళ్లు నీలంగా వస్తాయి, వైట్ బ్యాలెన్స్ (రంగు ఛాయ సర్దే అమరిక) 6,000 కెల్విన్ దగ్గర పెడితే సరిపోతుంది.

పోతున్న నీటికి ఫ్రేములో ముందు చోటు వదలాలి. పాయ ఎడమకి మళ్లుతుంటే ఎడమవైపు ఖాళీ ఉంచండి. పైనుంచి కిందికి ఎత్తు చూపాలంటే నిలువు ఫ్రేము, పక్కన ఒక మనిషి. ఎర్రరంగు బట్టలైతే అంత పచ్చదనంలో చిన్న చుక్కలా ఉన్నా కన్ను పట్టేస్తుంది.

ఐదుకి వెలుగు తగ్గి షట్టర్ రెండు సెకన్లకి చేరింది. ఘాట్‌లో మంచు దిగుతోందని డ్రైవర్ హారన్ కొట్టాడు. మడుగులో సుడి ఇంకా తిరుగుతూనే ఉంది. మరో నాలుగు ఫ్రేములు తీసి ట్రైపాడ్ మడిచాం.