జర్మన్ పౌరసత్వ పరీక్షకు బామ్ఫ్ ఉచిత ప్రాక్టీసే చాలు

జర్మనీ వలస శాఖ బామ్ఫ్ సైట్లో ప్రశ్నలన్నీ ఉచితంగా ఉండగా డబ్బులిచ్చి యాప్ కొనక్కర్లేదు. మొత్తం 310: అందరికీ 300, మీ రాష్ట్రానివి 10. పరీక్షలో 33 వస్తాయి, వాటిలో 3 మీ రాష్ట్రానివి, గంట టైము, 17 కరెక్టయితే పాస్. ఫీజు 25 యూరోలు. ఊరు మారినవాళ్లు ముందు రాష్ట్రం సరిగ్గా ఎంచుకోండి, లేదంటే 3 ప్రశ్నలకు చదివింది వృథా. దేశ చిహ్నం గుర్తుపట్టమంటారు: పసుపు మీద నల్ల గద్ద, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్లు.

లోపం ఒకటే, జవాబు ఎందుకు సరైనదో వివరించరు. బట్టీ పడితే పాసవుతారు గానీ రాజ్యాంగం అర్థం కాదు, అది బాధాకరం. బీ1 (మధ్యస్థాయి) జర్మన్ భాషా సర్టిఫికెట్ వేరే కావాలి. 2024 జూన్ 27 నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటోంది, ఇండియా ఒప్పుకోదు. మన పాస్‌పోర్టు సరెండర్ చేయాల్సిందే, కావాలంటే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు)కి అప్లై చేసుకోవచ్చు.