నల్లటి బొమ్మ వేయాలంటే పాత బొమ్మ మీదే నలుపు వేయాలా, కొత్త కాన్వాస్ తీయాలా?

కొత్త కాన్వాస్ అయితే పని సుఖం, పొరల గొడవ ఉండదు, అంతే, అంతకంటే దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏం లేదు.

పాతదాని మీద వేయడం వేరే లెవెల్ అండీ. పోయినేడు నేను గీసుకున్న నా ముఖం మీదే నలుపు వేసేశా, నుదుటి దగ్గర మందంగా పెట్టిన ఎరుపు గీతలు కింద నుంచి ఉబ్బెత్తుగా తెలుస్తూనే ఉన్నాయి, పక్కనుంచి లైట్ పడితే ముక్కు కూడా లేచొస్తుంది, నన్ను నేను చెరిపేసుకున్నానా దాచుకున్నానా అని ఇప్పటికీ దాని ముందు నిలబడిపోతా. ఆస్ట్రియా పెయింటర్ ఆర్నుల్ఫ్ రైనర్ కూడా తన ఫొటోల మీదే రంగు పూసేవారు. రష్యన్ పెయింటర్ మలేవిచ్ వేసిన 1915 నాటి ‘నల్ల చతురస్రం’ బొమ్మ కింద రంగుల బొమ్మలు ఉన్నాయని 2015లో మాస్కో ట్రెత్యకోవ్ గ్యాలరీ వాళ్లు చెప్పారు. ఫ్రాన్స్ పెయింటర్ సూలాజ్ 1979 నుంచి నలుపు మీద పడి తిరిగొచ్చే వెలుతురునే పట్టుకున్నారు, అందుకే చీకటంటే ఖాళీ అని నేను ఒప్పుకోను.

ఆయిల్ రంగులైతే మాత్రం కింది పొర బాగా ఆరనివ్వండి, పైపొరలో నూనె కాస్త ఎక్కువుండాలి, లేదంటే పగిలిపోతుంది. నా ఓటు పాత బొమ్మకే, కానీ కోపంలో ఉన్నప్పుడు వేయొద్దు, ఒక వారం గోడకి తిప్పి పెట్టి అప్పుడు చూడండి.