హన్మకొండ చర్చి హాల్లో శనివారం ఉచిత న్యాయ సలహా: మా అనుభవం

మా పాప కౌన్సెలింగ్ కోసం కుల సర్టిఫికెట్ కావాలని నెల రోజులు తిరిగి విసిగిపోయాక, ఎవరో చెబితే ఇక్కడికి వెళ్లాం. సాయంత్రం ఇద్దరు అడ్వకేట్లు కూర్చుంటారు, ఫీజు లేదు, నీది ఏ మతం అని అడగరు. మా కంటే ముందు ఒక ముస్లిం పెద్దమ్మ ఇంటి అడ్వాన్స్ గొడవ మీద వస్తే ఆమెతోనే అరగంట ఓపిగ్గా మాట్లాడారు.

మేం మాదిగలం, తాత కాలం నుంచి క్రైస్తవులం. బయట అందరిదీ ఒకటే సలహా, చర్చి మాట ఎత్తకండి, ఎస్సీ అని రాయించుకోండి అని. ఇక్కడి మేడమ్ మాత్రం అన్నీ విడమరిచి చెప్పింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చారట, తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులకు, ముస్లింలకు ఇప్పటికీ లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన దగ్గర బీసీ-సీ, రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకు 15. ఆ తేడా విని మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అబద్ధం రాయిస్తే సీటు వచ్చాక కూడా పోతుందని ఆమె చెప్పకపోతే ఆ తప్పు చేసేవాళ్లమే.

పాప ఊరుకోలేదు. "నచ్చిన దేవుణ్ణి మొక్కే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది కదా మేడమ్, మొక్కితే రిజర్వేషన్ ఎందుకు పోవాలి? మా వాడ ఏమన్నా మారిందా?" అంది. ఇదే ప్రశ్న ఏళ్ల తరబడి సుప్రీంకోర్టు ముందు ఉందని, 2022లో కేంద్రం దీనిమీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసిందని మేడమ్ చెప్పింది, ఆశ మాత్రం పెట్టలేదు. ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది.

నచ్చనిది ఒకటుంది. మొదట్లో పాస్టర్ గారు, దేవుడు ప్రతి మనిషినీ తన స్వరూపంలోనే చేశాడు కాబట్టి హక్కు అంటే ఎవరో వేసే భిక్ష కాదని చెప్పారు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ మన సంఘంలోనే పెళ్లి సంబంధం అనగానే మాలా మాదిగా అని చూస్తున్నాం కదా అయ్యగారూ అని అడిగితే, ప్రార్థన చేద్దామమ్మా అని లేచారు. ఆ మాట ఆదివారం ప్రసంగంలో రావాలి, అందరి ముందు.

వెళ్లేవాళ్లు నాన్న టీసీ, ఆధార్ జిరాక్సులు తీసుకెళ్లండి, ఆలస్యమైతే టోకెన్ దొరకదు. కోర్టు దాకా పోయేదైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపిస్తారు, అక్కడ ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు, ఫోన్ 15100. మా పాపకు బీసీ-సీ సర్టిఫికెట్ చేతికొచ్చింది. వచ్చే శనివారం మా ఆడబిడ్డను తీసుకెళ్తున్నా, ఆమెకు మూడు నెలల కూలి రావాలి.