సందులో సన్న ర్యాక్: నాలుగేళ్లు దాటిన వాడకం తర్వాత

వాషింగ్ మెషిన్‌కీ గోడకీ మధ్య మిగిలే జానెడు జాగాలో దూర్చుకునే చక్రాల ర్యాక్‌లు ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తాయి. నాలుగు ప్లాస్టిక్ అరలు, మూలలకి సన్నటి ఇనుప గొట్టాలు, అడుగున చక్రాలు. లాగితే బయటికొస్తుంది, తోస్తే లోపలికి పోతుంది. 2021 ఎండాకాలంలో అలాంటిదొకటి తెప్పించాను. ఇప్పటికీ వాడుతున్నాను. కానీ కడపలో ఉండే వాళ్లెవరైనా అడిగితే, సర్ఫు పెట్టుకోవడానికైతే కొనొద్దనే చెబుతాను.

మాది అద్దె ఇల్లు. వంటింటి వెనక మూడడుగుల వెడల్పున్న సందు. మెషిన్, నీళ్ల తొట్టి, బట్టలు నానబెట్టే టబ్బు పెట్టాక మనిషి పక్కకి తిరిగి నడవాలి. పైన రేకు సగం వరకే. సామాను మాత్రం తక్కువేం కాదు: సర్ఫు, సబ్బు బిళ్లలు, బట్టల సోడా, నీలిమందు, గంజిపొడి, కంఫర్టు, బ్లీచింగు, బ్రష్షులు, క్లిప్పులు, పట్టుచీరలకి కుంకుడుకాయలు. ర్యాక్ వచ్చిన రోజు అన్నీ వరసగా అమర్చి ఫోటో కూడా తీశాను.

మొదటి చిక్కు మా నీళ్లతో వచ్చింది. మాకు ఎక్కువగా బోరు నీళ్లే. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఉంటే సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, ఆ తర్వాతే నురగ. డిటర్జెంట్ పొడి కొంత నయం, అందులో సోడా ఉంటుంది కాబట్టి. అయినా కొళాయి నీళ్లు వచ్చిన రోజు ఒక స్పూను సరిపోయేచోట బోరు నీళ్లకి రెండు పడుతుంది. అందుకే మా వీధిలో అందరూ నాలుగు కిలోల సంచే కొంటారు. ఈ ర్యాక్ అర వెడల్పు ఆరంగుళాలు. అందులో కిలో ప్యాకెట్ నిలబడుతుంది, నాలుగు కిలోల సంచి పట్టదు. పెద్ద సంచి వంటింటి అటక మీద పెట్టి, ర్యాక్‌లో చిన్న డబ్బా పెట్టి, అది అయిపోయినప్పుడల్లా స్టూలెక్కి నింపుకోవడమంటే ఒక పని రెండు పనులైనట్టే.

రెండోది వాన. మాకు ఎండాకాలం ఎంత పొడిగా ఉంటుందో, అక్టోబరు, నవంబరు తుపాన్లకి అంత ముద్దగా ఉంటుంది. 2021 నవంబరులో వానలు ఎలా పడ్డాయో ఈ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ వారంలో కింది అరలోని సర్ఫు గడ్డ కట్టింది. మూత పెట్టిన డబ్బానే, కానీ ర్యాక్ నేలకి నాలుగంగుళాల ఎత్తులోనే ఉంటుంది. మెషిన్ నీళ్లు వదిలినప్పుడల్లా చిందులు, కిందనుంచి చెమ్మ. మా అత్తమ్మ చూసి, "ఈడ పెడితే రాయయితాది, ఎత్తున పెట్టుమ్మా" అని ఊరుకున్నారు.

ఇనుప గొట్టాల సంగతి ఇంకా బాగా చెప్పాలి. పై అర దగ్గర మొదటి ఏడాదిలోనే తుప్పు మొదలైంది, అదీ ఒకే మూలన. కింద నీళ్లు తగిలేచోట తుప్పు పట్టకుండా పైన పట్టడమేంటా అని చూస్తే, ఆ మూలన ఉన్నది బ్లీచింగ్ పౌడర్ ప్యాకెట్. రబ్బరు బ్యాండ్ వేసి మడిచిన ప్యాకెట్‌లోంచి క్లోరిన్ నెమ్మదిగా పోతూనే ఉంటుంది, వేడికి ఇంకా తొందరగా. ఆ వాసన తగిలే ఇనుము ఏదీ నిలవదు. పైగా పొడిలో పవరు కూడా తగ్గిపోతుంది. బ్లీచింగు ఎప్పుడూ బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఎండ తగలని చోట ఉండాలి. బాత్రూం కడిగే యాసిడ్‌ని దాని దరిదాపుల్లో ఉంచకూడదు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్; ఇంత ఇరుకు సందులో ఊపిరాడదు. చోటు లేదని అన్నీ ఒకే ర్యాక్‌లో సర్దేవాళ్లు ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. మా యాసిడ్ సీసా బాత్రూం లోపల, పిల్లల చెయ్యి అందని ఎత్తులో, విడిగా ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది.

చక్రాలు టైల్స్ మీద బాగానే తిరుగుతాయేమో. మా సందులో పరిచినవి నాపరాళ్లు. బండకీ బండకీ మధ్య సిమెంటు గాడిలో చక్రం దిగితే పైనున్న సీసాలన్నీ ఒక్కసారి ఊగుతాయి. నీళ్లు పోవడానికి నేల వాలుగా ఉంటుంది కదా, మెషిన్ స్పిన్‌లో ఉన్నప్పుడు ర్యాక్ తనంతట తానే బయటికి నడిచొస్తుంది. ముందు చక్రాల కింద పాత చెప్పు ముక్క పెట్టి ఆపుతున్నాను. వెనక చక్రాల్లో ఒకదానికి వెంట్రుకలు, దారాలు చుట్టుకుని తిరగడం మానేసి చాలా రోజులైంది.

చివరికి బరువైనవన్నీ కడప బండ మీదికి మారాయి. గోడ కొట్టడానికి ఓనరు ఒప్పుకోరు కాబట్టి, తొట్టి పక్కన అటూ ఇటూ సిమెంటు ఇటుకలు పేర్చి మధ్యలో బండ పెట్టాం. ఎర్రగుంట్ల నుంచి తెప్పించిన పాలిష్ ముక్క: 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. 12 కిలోల పైనే తూగుతుంది కాబట్టి కదలదు, ఊగదు. తుప్పన్న మాటే లేదు, ఎండకి పెళుసెక్కదు. నాలుగు కిలోల సర్ఫు మూతున్న స్టీలు డబ్బాలో దాని మీదే ఉంది, నడుమెత్తులో. తర్వాత ఏ వానాకాలమూ గడ్డ కట్టలేదు.

బండకీ ఒక లోటుంది. అది సున్నపురాయి. మెషిన్ లోపల పేరుకున్న తెల్ల పొర వదలడానికి అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు వేసి ఖాళీగా తిప్పుతాను. ఆ కలిపిన నీళ్లు రెండు చుక్కలు బండ మీద పడితే సన్నగా బుసబుసమని నురగ వచ్చింది. తుడిచేసరికి అక్కడ నలుపు పోయి రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది. మెషిన్‌లో తెల్ల పొరని కరిగించే పులుపే బండనీ తింటుంది. నిమ్మ ఉప్పు డబ్బా కింద ఇప్పుడు ఒక ప్లాస్టిక్ మూత ఉంది.

మరి ర్యాక్‌లో ఏముంది? తేలికపాటివి, నీళ్లకి చెడనివి. క్లిప్పుల బుట్ట, బ్రష్షులు, కంఫర్టు, నీలిమందు సీసా. పై అరలో గుడ్డ సంచిలో కుంకుడుకాయలు. మాధవరం పట్టుచీరలు మెషిన్‌లో వెయ్యను, వాటి వంతు వచ్చినప్పుడు గింజ తీసి నానబెడతాను. ఈ పనికి ర్యాక్ నిజంగా బాగుంది. మెషిన్ పక్కన ఊరికే పోయే జాగాలో ఇన్ని సర్దుకోవడం ఇంకే దానితోనూ కుదరదు. పడమటి ఎండ తగిలే వైపు ప్లాస్టిక్ తెల్లబడి గోటితో గీస్తే పొడి రాలుతోంది. ఇంకో ఎండాకాలం లాగితే గొప్పే.

కొనాలనుకుంటే ఇనుప గొట్టాలు లేని, పూర్తి ప్లాస్టిక్‌ది చూడండి. మెషిన్ ఆగి ఉన్నప్పుడు జాగా కొలిచి అంతకు సరిపోయేది తెప్పించుకోవద్దు. స్పిన్‌లో మెషిన్ ఎంత పక్కకి ఊగుతుందో చూసి, కనీసం అంగుళం వదిలి కొలవండి. లేదంటే ఉతికిన ప్రతిసారీ రెండూ కొట్టుకునే చప్పుడు పక్కింటి దాకా వినబడుతుంది.